యాత్రకు తగిన కెమెరా

యాత్రకు బయలుదేరునపుడు దుస్తులు, మందులు, పిల్లల చిరుతిండ్లు ఏరి సర్దుకొనుట గృహిణులకు క్రొత్త గాదు. కెమెరాను గూడ అట్లే ఏరుకొనవలెను. అంగడిలో కంటికి నచ్చిన వస్తువు వేరు; కోవెల మెట్లెక్కునపుడు మెడకు తోడుండు వస్తువు వేరు. ఈ భేదము నాకొక నష్టము వలన తెలిసినది.

కొన్నియేండ్ల క్రిందట మా అత్తగారితో లేపాక్షికి పోయితిమి. నా సంచిలో పెద్ద కెమెరా యొకటి, లెన్సులు మూడు నుండెను. ఆలయ మండపములో, నేలను పూర్తిగా తాకని స్తంభమొకటి కలదు. మా అత్తగారు చేతిరుమాలును దాని క్రిందుగా జొనిపి, ఆవలి ప్రక్క లాగి, చిన్నపిల్లవలె నవ్విరి. ఆ క్షణమున నేను దూరపు లెన్సు విప్పి దగ్గరి లెన్సు బిగించుకొనుచుంటిని. తల యెత్తునప్పటికి ఆ నవ్వు ముగిసినది. “మరల ఒక్కమారు, అత్తయ్యా!” అని బ్రతిమాలితిని. చేసిరి గాని, అది ఫొటోకొరకు నవ్విన నవ్వు. మరుసటి యేడు ఆమె కాలధర్మము నొందిరి. లేపాక్షి చిత్రములు మా యింట నలువది యున్నవి. ఆ నవ్వు మాత్రము లేదు.

నాటినుండి నా నియమ మొక్కటే: యాత్రలో ఒక కెమెరా, ఒక లెన్సు. అయితే ఆ యొక్క లెన్సు ఎట్టిది కావలెను?

లెన్సుపై మిల్లీమీటర్లలో అంకెలుండును. అంకె తగ్గినకొలది దృశ్యము విశాలముగా పట్టును. పెరిగినకొలది దూరమున నున్నది దగ్గరకు వచ్చును. 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల యెత్తుగల పూర్తి సెన్సారు కెమెరాకు 24 అంకెతో మండపమంతయు పట్టును. 50తో సామాన్యదృశ్యము, 85 ప్రాంతమున ముఖచిత్రము చక్కగా వచ్చును. కావున 24 మొదలు 70 గాని 105 గాని వరకు సాగు జూమ్ లెన్సు యాత్రకు చాలును. సెన్సారు చిన్నదైన కెమెరాలలో ఈ లెక్క మారును. ఏపీఎస్-సీ అను రకములో పెక్కింటికి ఒకటిన్నరతో హెచ్చవేయవలెను. అచ్చట 16–50 లెన్సు 24–75 వలె పనిచేయును.

రెండవది వెలుగు. ఎఫ్ అను అక్షరముతో చూపు అంకె చిన్నదైనకొలది లెన్సు ఎక్కువ వెలుగును లోనికి రానిచ్చును. ఎఫ్ 5.6 కంటె ఎఫ్ 4 రెండింతలు, ఎఫ్ 2.8 నాలుగింతలు ఇచ్చును. లేపాక్షిలో పైకప్పు వర్ణచిత్రములను చూచినవారికి ఈ అంకెల విలువ తెలియును. కదలికను అదుపుచేయు ఏర్పాటు మన చేతి వణకును మాన్పును గాని, పరుగెత్తు పిల్లవానిని నిలుపజాలదు. అందుకు వెలుగే కావలెను.

మూడవది బరువు. ఉదాహరణకు, 2020లో వెలువడిన కానన్ ఆర్6 కెమెరా 680 గ్రాములు, దానికి తగిన ఎఫ్ 4 24–105 లెన్సు 700 గ్రాములు, వెరసి 1,380. 2019లో వెలువడిన నికాన్ జెడ్50 కెమెరా 450, దాని 16–50 లెన్సు 135. వెరసి 585 గ్రాములే. మొదటిదాని లాభము లేకపోలేదు: దాని వెలుగు జూమ్ అంతటను సమానము. రెండవదానిలో ఎఫ్ 3.5తో మొదలై, 50 చేరునప్పటికి 6.3 అగును. చీకటి మండపములో దానిని 16 వద్దనే వాడి, కెమెరా సున్నితత్వమును హెచ్చించవలెను. చిత్రము కొంత గరుకైనను, మసకబారినదానికంటె మేలు. దినమంతయు మెడను మోయుటకు మాత్రము నే నిట్టి తేలికదానినే కోరుదును.

ఒక లెన్సుతో గొప్ప పని సాధ్యమా యని సందేహింపవలదు. మన దేశపు తొలి మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలుగా ప్రసిద్ధిగాంచిన హోమై వ్యారావాలా (1913–2012) వాడిన కెమెరాలలో రోలీఫ్లెక్స్ ఒకటి. దాని లెన్సు మార్చుటకు వీలులేనిది. దగ్గర కావలెనన్న తామే నడచి పోవలెను.

చేతిఫోను చాలదా యని యడుగుదురేమో! పట్టపగటి చిత్రములకు చాలును. మసకవెలుగు, కదలిక, గోడకు పెద్దదిగా వ్రేలాడదీయు పటము, ఇవి కోరువారికే కెమెరా.

కొనుటకు ముందు మీరు లోగడ తీసిన నూరు చిత్రములు తిరుగవేయుడు. మనుషులే యెక్కువయా, గోపురములా, దూరపు పక్షులా? పక్షులైనచో నా సలహా మీకు చాలదు. అంగడిలో కెమెరాను మెడకు తగిలించుకొని పదినిముషములు నిలువుడు. జూమ్ త్రిప్పి, పట్టు మీ చేతికి కుదిరినదో లేదో చూడుడు. మిగిలిన రూకలతో రెండవ బ్యాటరీయు, మెత్తని పట్టీయు కొనుడు.

యాత్రనుండి వచ్చిన పిదప గోపురమును మరల పోయి చూడవచ్చును. పెద్దల నవ్వు, పసివాని తొలియడుగు మన లెన్సు బిగియువరకు వేచియుండవు.