నాణ్యమును జాతి సంస్కృతియు

కర్మాగారమున ఒక వస్తువు తప్పుగా తయారైనచో, ఆ మాట మొదట పలుకవలసిన వారెవరు? ఈ చిన్న ప్రశ్నకు అన్ని దేశములయందును ఒకే సమాధానము లేదు. నాణ్య నిర్వహణమునకును జాతి సంస్కృతికిని గల సంబంధము ఇచ్చటనే మనకు గోచరించును.

గణాంకములతో నాణ్యమును అదుపుచేయు విద్య అమెరికాలో పుట్టినది. 1924లో వాల్టర్ షూహార్టు తొలి నియంత్రణ పటమును రూపొందించెను. 1950లో ఎడ్వర్డ్స్ డెమింగు జపానునకు పోయి, అచ్చటి ఇంజనీర్లకును కంపెనీల అధిపతులకును దానిని బోధించెను. మరుసటి యేడే వారు ఆయన పేర ఒక బహుమానమును నెలకొల్పిరి. అమెరికాలో ఈ విద్య చాలవరకు తనిఖీదారుల పనిగా నిలిచిపోగా, జపానులో కార్మికుల పని కూడ అయినది. 1962 మొదలు, కవోరు ఇషికావా ప్రోత్సాహమున, క్వాలిటీ సర్కిళ్లు వెలసినవి. ఒకచోట పనిచేయు కొలదిమంది కలిసి కూర్చుండి, తమ పనిలోని లోపములను తామే వెదకి సవరించుకొనుట వీని పద్ధతి. పెద్ద సంస్థలలో పదవీ విరమణ వరకు నిలుచు ఉద్యోగమును, బృందమునకు పెద్దపీట వేయు అలవాటును ఇందుకు తోడ్పడినవి.

మన దేశమున ఇట్టి సర్కిళ్లు 1980 ప్రాంతమున హైదరాబాదు చెంత, రామచంద్రాపురమునందలి భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారమున మొదలైనవి. 1982లో వీనికొక జాతీయ వేదికయు జంటనగరములలోనే ఏర్పడినది. అయితే మన నేల గుణమును గూడ మనము ఎరుగవలెను. హాలండు పండితుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్, ఐ.బి.ఎం. ఉద్యోగులను పలు దేశములలో ప్రశ్నించి, పై అధికారికిని క్రింది ఉద్యోగికిని నడుమగల దూరమును ప్రజలు ఎంతవరకు సహజమని ఒప్పుకొందురో అంచనా కట్టెను. 1980లో ప్రకటింపబడిన ఆ గ్రంథమున అమెరికాకు 40, జపానునకు 54, భారతదేశమునకు 77 వచ్చినవి. అంకెల మాట యెట్లున్నను, "పెద్దవారితో మనకెందుకు?" అని ఊరకుండుట మనమెరుగనిది కాదు. అట్టిచోట లోపము దాగిపోవును. తనిఖీ పుస్తకము మాత్రము నిండును.

అంతమాత్రమున సంస్కృతిని మారని తలవ్రాతగా ఎంచరాదు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంటున జనరల్ మోటార్స్ 1982లో మూసివేసిన కర్మాగారమును, 1984లో టయోటాతో కలిసి తిరిగి తెరచినది. కార్మికులలో పెక్కురు పాతవారే. లోపము కనబడినంతనే త్రాడు లాగి సహాయము కోరుటకును, అవసరమైనచో పని వరుసనే ఆపుటకును వారికి హక్కు లభించెను. అనతికాలముననే అచ్చటి కార్లు నాణ్యమున జపాను కార్ల సరసకు చేరినవి. త్రాడు లాగినవానిని దండింపకుండుటయే అచ్చటి క్రొత్త నీతి.

కావున పరదేశపు పద్ధతిని తెచ్చుకొను సంస్థ, కార్మికునికి పటములు గీయుట నేర్పుటకు ముందు, అతడు చెప్పు చేదు మాటను శాంతముగా వినుట తన అధికారులకు నేర్పవలెను.