క్రియాటినిన్ బాగానే ఉంది... మరి ఈ గాబరా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో నలభై అయిదేళ్ల ఆడమనిషి నలతగా ఉందంటే ఇంట్లోవాళ్లకు ముందుగా గుర్తొచ్చేది కిడ్నీ. అది కాదంటే గర్భసంచి. ముట్లుడిగే ముందరి దశ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

పలాస-కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో పొట్టు తీసే పనీ, గ్రేడింగూ ఎక్కువగా ఆడవాళ్లవే. గంటల తరబడి కూర్చుని గుండుపప్పును గుండుగానే తీయాలి. బద్దలైతే ధర పడిపోతుంది. పిక్కలు ఉడికేచోట, పప్పు ఎండబెట్టే వేడి గది పక్కన చెమట పట్టడం వింతేమీ కాదు. అందుకే ఛాతీలోంచి మెడకూ ముఖానికీ గుప్పున వేడి ఎగదన్ని, రెండు మూడు నిమిషాల్లో జాకెట్టు తడిసిపోయి, ఆ వెంటనే చలి పుట్టినా ‘ఎండ కదా’ అని సరిపెట్టుకుంటారు. అదే ఆవిరి అర్ధరాత్రి ఫ్యాను కింద కమ్ముకుంటే ఎండ మీద నెట్టేయలేరు. నిద్ర చెడుతుంది. తెల్లారాక పనిలో చెయ్యి ఆడదు. అయినదానికీ కానిదానికీ చిరాకు, కారణం లేకుండా ఏడుపు, గుండెదడ. ‘నాకూ కిడ్నీకి వచ్చిందేమో’ అన్న భయం అక్కడే మొదలవుతుంది.

అది ఉత్తి భయం కాదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు ఇళ్లను కూల్చేస్తోంది. నీళ్లు, ఎండ, పురుగుమందులు, నొప్పి మాత్రలు అంటూ ఎన్నిటినో అనుమానించారు కానీ అసలు కారణం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. రక్తపరీక్షలో కిడ్నీ పనితీరును చెప్పే క్రియాటినిన్ మామూలుగానే ఉందంటే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఆమెకు మాత్రం ఆ రాత్రీ నిద్ర పట్టదు.

హార్మోన్ల ఎగుడుదిగుళ్లు

మన దేశంలో ఆడవాళ్లకు సగటున 46, 47 ఏళ్లకే ముట్లుడుగుతాయి. పాశ్చాత్య దేశాల్లో అది 51 దగ్గర. వరసగా 12 నెలలు నెలసరి రాకపోతేనే ముట్లుడిగినట్టు లెక్క. అంతకు ముందరి కొన్నేళ్లే ఈ సంధికాలం. ఈస్ట్రోజెన్ నెమ్మదిగా తగ్గుతూ పోతే ఒళ్లు అలవాటు పడేదేమో. అది ఒక నెల ఎగబాకి, మరో నెల పడిపోతుంది. మెదడులో ఒంటి వేడిని అదుపుచేసే భాగం దాంతో తికమక పడి, కాస్త వేడికే చెమట పట్టిస్తుంది. మనసును నిలకడగా ఉంచే సెరటోనిన్ మీదా దాని ప్రభావం ఉంటుంది. కాన్పు తర్వాత కుంగుబాటు వచ్చినవాళ్లకు ఇప్పుడు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ.

అమెరికాలో 1996లో మొదలైన స్వాన్ అధ్యయనంలో, తరచూ ఆవిర్లు వచ్చేవారిలో సగం మందికి అవి ఏడేళ్లకు పైగానే ఉన్నాయని తేలింది. అన్నేళ్లు పళ్ల బిగువున ఓర్చుకోమనడం వైద్యం కాదు.

అలాగని అంతా హార్మోన్ల మీదికి తోసేయనూ కూడదు. భర్తను వారానికి రెండు మూడుసార్లు టెక్కలికో సోంపేటకో డయాలసిస్‌కు తీసుకెళ్తూ కూలి పోగొట్టుకునే మనిషికి చిరాకు రాకపోతేనే ఆశ్చర్యం.

‘తీసేస్తే పోద్ది’

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3 శాతం పైచిలుకైతే, ఆంధ్రప్రదేశ్‌లో 9 శాతానికి దగ్గర. పాతికేళ్లు నిండకుండానే పిల్లల ఆపరేషన్ అయిపోయే చోట ‘ఇక దాంతో పనేముంది’ అనే మాట తేలిగ్గా వస్తుంది. అండాశయాలు కూడా తీసేస్తే నాలుగైదేళ్లలో రావలసిన మార్పు ఒక్కసారిగా మీద పడుతుంది. ఎముకలు, గుండె దెబ్బతినే ముప్పు పెరుగుతుంది. అండాశయాలు ఉంచినా ముట్లుడిగే దశ ముందే రావచ్చు. ఆపరేషన్ దాకా వెళ్లకుండానే అధిక రక్తస్రావానికి మాత్రలున్నాయి, గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్ ఉంది. అనవసర ఆపరేషన్లకు అడ్డుకట్ట వేసే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది కూడా.

ఏం చేయాలి?

క్యాలెండరు మీద నెలసరి వచ్చిన రోజు, నిద్ర పట్టని రాత్రులు, మనసు బాగోని రోజులు గుర్తు పెట్టుకోండి. మూడు నెలల గుర్తులు చూపిస్తే డాక్టరుకు సగం సంగతి తెలిసిపోతుంది. క్రియాటినిన్‌తో పాటు హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగరు, బీపీ చూపించుకోండి. రక్తహీనతా థైరాయిడూ కూడా ఇదే వేషంలో వస్తాయి.

ఒళ్లు నొప్పులని మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మింగడం మానండి. అవి కిడ్నీకి చేటు. నాటు మందులు, కాల్షియం బిళ్లలు కూడా సొంతంగా వద్దు. సాయంత్రం టీ తగ్గించడం, రోజూ అరగంట నడక, పలచని నూలు బట్టలు కొంత మేలు చేస్తాయి. ఆవిర్లు మరీ వేధిస్తే హార్మోన్ చికిత్స ఉంది. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డలు, కాలేయ జబ్బు ఉన్నవారికి అది సరిపడదు. కిడ్నీ జబ్బుంటే నిపుణులే నిర్ణయించాలి. హార్మోన్లు పడనివారికి వేరే మందులున్నాయి. కుంగుబాటుకు మందులతో పాటు కౌన్సెలింగ్ కూడా పనిచేస్తుంది. టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆలస్యం చేయకూడనివి

• గంటకో ప్యాడ్ తడిసేంత రక్తస్రావం
• నెలసరి ఆగిన ఏడాది తర్వాత మళ్లీ ఎరుపు కనబడటం
• కలయిక తర్వాత రక్తం
• రెండు వారాలు దాటినా వదలని దిగులు
• బతకాలని లేదన్న ఆలోచన

కిడ్నీ పరీక్షల కోసం ఉద్దానంలో ఇంటింటికీ తిరిగి రక్త నమూనాలు తీసుకున్నారు. ఏఎన్ఎంలకు, ఆశాలకు ఆ గడపలన్నీ తెలుసు. వాళ్లు అడిగే ప్రశ్నల్లో ‘నెలసరి ఎలా వస్తోందమ్మా, నిద్ర పడుతోందా?’ అన్నవి రెండూ చేర్చడానికి కొత్త ఆసుపత్రి అక్కర్లేదు, కొత్త నిధులూ అక్కర్లేదు. అడిగిందానికి వచ్చిన జవాబును రాసుకుని, పీహెచ్‌సీ డాక్టరు ముందు పెడితే చాలు.