కారు ఆల్టర్నేటర్‌కి చిన్న పుల్లీ: సుత్తి ఎత్తే ముందు ఈ లెక్క చూడండి

సాయంత్రం ఏడింటికి నారాయణగూడ చౌరస్తా నుంచి చిక్కడపల్లి మీదుగా ఆర్టీసీ క్రాస్ రోడ్స్ వరకు కారులో వెళ్లి చూడండి. పైన మెట్రో 2020 నుంచి హాయిగా పోతోంది. 2023లో వచ్చిన స్టీల్ బ్రిడ్జి అశోక్‌నగర్ చౌరస్తాని ఎక్కకుండానే దాటిస్తోంది. కింద ఉన్నవాళ్లకి మాత్రం ఇంజిన్ ఎక్కువసేపు ఐడిల్‌లోనే. అదే టైంలో ఏసీ బ్లోయర్, రేడియేటర్ ఫ్యాన్, హెడ్‌లైట్లు, డ్యాష్‌క్యామ్, ల్యాప్‌టాప్‌కి 65 వాట్ల టైప్-సి ఛార్జర్, డిక్కీలో యాంప్లిఫయర్ అన్నీ నడుస్తుంటాయి. ఛార్జర్ మీదున్న చిన్న డిస్‌ప్లేలో 13.8 వోల్టులు మెల్లగా 12.4కి దిగుతాయి. దీనికి చాలామంది చెప్పే చవక మందు ఒకటుంది: కంపెనీ పుల్లీ పీకేసి, సైజు తక్కువున్న ఆఫ్టర్‌మార్కెట్ పుల్లీ ఎక్కించడం.

ఐడియా తప్పు కాదు. ఆల్టర్నేటర్ మీద 90 ఆంప్స్ అని రాసి ఉంటే, అది రోటర్ 6,000 ఆర్పీఎం దగ్గర తిరిగినప్పటి మాట. క్రాంక్ పుల్లీ 150 మిల్లీమీటర్లు, ఆల్టర్నేటర్ పుల్లీ 56 అనుకుందాం. ఇంజిన్ 750 దగ్గర ఐడిల్ అవుతుంటే రోటర్ సుమారు 2,000 మాత్రమే తిరుగుతుంది. 50 మిల్లీమీటర్ల పుల్లీ పెడితే అది 2,250 అవుతుంది. అంటే 12 శాతం లాభం. ఇప్పుడు అదే కారుని ఓఆర్ఆర్ మీద 6,500 వరకు లాగండి. పాత పుల్లీతో రోటర్ 17,400 తిరిగేది, కొత్తదాంతో 19,500. చాలా ఆల్టర్నేటర్ల లిమిట్ 18,000 దగ్గర్లోనే ఉంటుంది. పైగా చిన్న పుల్లీకి బెల్టు ఆనే చోటు తగ్గుతుంది, లోడ్ పెరిగితే జారుతుంది. చాలా కార్లలో వాటర్ పంపుని తిప్పేది కూడా ఆ బెల్టే. అది జారితే ఫోన్ ఛార్జింగ్ సంగతి దేవుడెరుగు, ట్రాఫిక్ మధ్యలో ఇంజిన్ వేడెక్కుతుంది.

నా లెక్క ప్రకారం ఒక్క ఛార్జర్, డ్యాష్‌క్యామ్ కోసం పుల్లీ మార్చడం దండగ. 65 వాట్లంటే 12 వోల్టుల దగ్గర ఆరు ఆంప్స్ కూడా దాటదు. ముందు బ్యాటరీ వయసు, బెల్టు బిగువు, ఎర్త్ వైర్ చూపించండి. పెద్ద యాంప్ ఉన్నవాళ్ల కథ వేరు.

మార్చాలనే గట్టిగా అనుకుంటే అసలు పని ఫిట్టింగ్‌లోనే ఉంది. మన కార్లలో ఎక్కువగా కనిపించేది షాఫ్ట్ చివర నట్టుతో బిగించే రకం. ప్రెస్-ఆన్ పుల్లీకి నట్టు ఉండదు. పుల్లీ రంధ్రం షాఫ్ట్ కన్నా కొంచెం చిన్నగా ఉంటుంది, ఆ బిగువే దాన్ని పట్టుకుంటుంది. 17 మిల్లీమీటర్ల షాఫ్ట్‌కి ఆ తేడా 0.02, 0.03 మిల్లీమీటర్ల లెవెల్లో ఉంటుంది. వెంట్రుక మందంలో సగం కూడా కాదు. అందుకే లేత్ మిషన్ దగ్గర "కొంచెం లూజ్ చేసిస్తా, ఈజీగా ఎక్కుతుంది" అంటే ఒప్పుకోకండి. లూజైన పుల్లీని పట్టించడానికి షాఫ్ట్ మీద పంచ్‌తో గాట్లు కొట్టడం ఇంకా ఘోరం.

సుత్తి దెబ్బ ఎందుకు వద్దు? ముందు నుంచి కొట్టిన ప్రతి దెబ్బా బేరింగ్ బాల్స్ మీదకే పోతుంది. గాడిలో కంటికి కనిపించని గుంటలు పడతాయి, నెల తిరిగేసరికి గరగరమని సౌండ్ మొదలు. హైడ్రాలిక్ ప్రెస్ వాడినా సగం జాగ్రత్తే. ఆల్టర్నేటర్ బాడీని కింద ఆనించి పైనుంచి నొక్కితే ఆ బలమంతా మళ్లీ బేరింగ్ మీదే. రోటర్ బయటికి తీసి, షాఫ్ట్ వెనక కొనని ఆనించి నొక్కాలి, స్లిప్ రింగులకి ఏమీ తగలకూడదు. పుల్లీని మాత్రం వేడి చెయ్యొచ్చు. స్టీల్ పుల్లీని మామూలు కన్నా 150 డిగ్రీలు వేడెక్కిస్తే 17 మిల్లీమీటర్ల రంధ్రం దాదాపు 0.03 పెరుగుతుంది. మనక్కావాల్సింది అంతే. మంట పెట్టేది షాఫ్ట్‌కి కాదు సుమా, బేరింగ్ గ్రీజు కరిగిపోతుంది.

కొన్ని కార్లని అసలు ముట్టుకోకండి. పుల్లీ ముందు ప్లాస్టిక్ మూత ఉండి, షాఫ్ట్ ఒక వైపుకి ఫ్రీగా తిరిగి రెండో వైపుకి లాక్ అయితే అది వన్-వే క్లచ్ పుల్లీ. దాని బదులు గట్టి పుల్లీ పెడితే బెల్టు, టెన్షనర్ తొందరగా పోతాయి. మారుతి స్మార్ట్ హైబ్రిడ్ కార్లలో ఛార్జింగే కాదు, ఇంజిన్‌ని మళ్లీ స్టార్ట్ చేసేదీ ఆ బెల్టే.

పుల్లీ ఎక్కాక స్కేలు పెట్టి మిగతా పుల్లీలతో సూటిగా ఉందో లేదో చూడండి. 6పీకే లాంటి బెల్టుల్లో గాడికీ గాడికీ దూరం 3.56 మిల్లీమీటర్లే, కాస్త లోపలికి పోయినా బెల్టు పక్క గాడిలో కూర్చుంటుంది. వ్యాసం 6 మిల్లీమీటర్లు తగ్గితే బెల్టు దాదాపు 9 మిల్లీమీటర్లు ఎక్కువవుతుంది. ఆటో టెన్షనర్ లేకపోతే మళ్లీ బిగించాలి. చివరగా షాఫ్ట్ మీద నుంచి పుల్లీ మీదకి పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీయండి. వారం తర్వాత ఆ గీత రెండు ముక్కలుగా పక్కకి జరిగి కనిపిస్తే, పుల్లీ షాఫ్ట్ మీద తిరుగుతోందని. ఆ రోజే విప్పించండి.