జొరమా, వడదెబ్బా? గొర్రె మెదడులో ఉన్న సెట్టింగ్ కథ

మే నెలలో కౌతాళం నుంచి ఆదోని పోయే దారిలో మధ్యాహ్నం పూట గొర్రెల మందను చూసే ఉంటారు. చెట్టు నీడలో ఒకదాని కడుపు కింద ఒకటి తల దూర్చి రొప్పుతుంటాయి. అందులో ఒకటి కూలబడిందనుకోండి. థర్మామీటర్ పెడితే 106 ఫారన్‌హీట్. గొర్రెకి మామూలుగా 102, 103 ఉంటుంది. వెంటనే ఏం చేస్తాం? మెడికల్ షాపుకి పరుగెత్తి జొరం సూది తెస్తాం. ఆ సూది పని చేస్తుందా లేదా అనేది గొర్రె మెదడులో ఏం జరుగుతోందో దాన్ని బట్టి ఉంటుంది.

మెదడు అడుగున హైపోథాలమస్ అని చిన్న భాగం. ఏసీలో 24 అని పెడతాం కదా, అలాంటి సెట్టింగ్ అక్కడ ఉందనుకోండి. ఒంట్లోకి రోగక్రిమి వస్తే రక్షణ కణాలు మెదడుకి సంకేతాలు పంపుతాయి. దాంతో ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే రసాయనం తయారై ఆ సెట్టింగ్‌నే పైకి జరుపుతుంది. ఇప్పుడు 103 ఉన్నా మెదడుకి చలిగా ఉన్నట్టే లెక్క. అందుకే జొరం ఎక్కేటప్పుడు జీవం వణుకుతుంది, వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, చెవులు చల్లబడతాయి. వేడిని లోపల దాచుకుంటోందన్నమాట.

మెలాక్సికామ్ లాంటి మందులు ఆ ప్రోస్టాగ్లాండిన్ తయారీని ఆపుతాయి. ఆస్పిరిన్ ఇలాగే పనిచేస్తుందని జాన్ వేన్ 1971లో చూపించి, 1982లో నోబెల్ పంచుకున్నాడు. (పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని 2006లో మన దేశంలో ఆపారు, రాబందులు చచ్చిపోతున్నాయని. అది ఇంకో ఎపిసోడ్‌కి సరిపడా కథ.)

వడదెబ్బలో సెట్టింగ్ కదల్లేదు. మెదడు 102కే రమ్మంటోంది, ఒంటికి చేతకావట్లేదు. నోరు తెరిచి, నాలుక చాపి రొప్పుతుంది, చెవులు కాలిపోతుంటాయి. ఇక్కడ వేడికి కారణం ప్రోస్టాగ్లాండిన్ కాదు కాబట్టి సూదికి ఆపడానికి ఏమీ లేదు. పైగా ఒంట్లో నీళ్ళు ఆరిపోయిన జీవానికి ఈ మందులు కిడ్నీలను దెబ్బతీయొచ్చు. ముందు నీడకి లాగండి, ఒంటి మీద నీళ్ళు పోయండి, గాలి తగలనివ్వండి, తాగగలిగితే తాగనివ్వండి. ఒకరు ఈ పనిలో ఉండగానే ఇంకొకరు పశువుల డాక్టర్‌కి ఫోన్ చేయాలి. బర్రెలకైతే ఇంకా తొందర. నల్లటి చర్మం, ఆవులకన్నా చెమట గ్రంథులు చాలా తక్కువ.

వారాల తరబడి ఎండ కాస్తే థైరాయిడ్ హార్మోన్ తగ్గుతుంది. లోపల పుట్టే వేడి తగ్గాలని ఒళ్ళు చేసుకునే సర్దుబాటు ఇది. మేత తగ్గుతుంది, పాలూ తగ్గుతాయి. మనవాళ్ళు దిష్టి తీస్తారు.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం అనిపించింది చూడి గొర్రెల సంగతి. ఈనడానికి కొద్ది రోజుల ముందున్న గొర్రెలకి బ్యాక్టీరియా పదార్థం ఎక్కించినా జొరం రాలేదని 1978లో కెనడా పరిశోధకులు రాశారు. మెదడులో వాసోప్రెసిన్ అనే హార్మోన్ జొరాన్ని అణిచేస్తుందని కూడా ఆ జట్టు గొర్రెల మీదే చూపించింది. కాబట్టి నెలలు నిండిన గొర్రె మేత మానేసి ముడుచుకు పడుకుంటే, థర్మామీటర్ 102 చూపించినా సరే, డాక్టర్‌ని పిలవండి.