మొదటి బంతిలో అత్తయ్యగారు

వనభోజనం అనే మాటని మగవాళ్ళూ ఆడవాళ్ళూ సమంగానే పంచుకున్నారని నాకు ఎప్పట్నించో అనుమానం. వనం వాళ్ళకి, భోజనం మనకి. భోజనమంటే తినడం అనుకునేరు, వండటం.

మా అత్తగారి ఊరు ఆగిరిపల్లి దగ్గర. విజయవాడ నుంచి నూజివీడు వెళ్ళే దారి. ఆ దారి పొడుగునా మామిడి తోటలే. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది గానీ, బెజవాడ బజార్లో బండివాడి "నూజివీడు రసాలమ్మా" కేకలో మాత్రం ఏ మార్పూ రాలేదు. కార్తీక మాసం వచ్చిందంటే ఆ తోటలు జనంతో నిండిపోతాయి. శాస్త్రప్రకారం ఉసిరి చెట్టు కింద తినాలి. చెట్టు లేనిచోట మావాళ్ళు ఓ ఉసిరి కొమ్మ తెచ్చి పాతేసి కానిచ్చేస్తారు. (ఈమధ్య కులానికో వనభోజనం, దానికో మైకూ, ఓ నాయకుడి ఉపన్యాసమూ వచ్చాయి. వాటి గురించి మరోసారి చెప్పుకుందాం.)

పైకి చూడటానికి ఎంత బావుంటుందో! కానీ ముందురోజు రాత్రే మినప్పప్పు నానాలి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి రుబ్బాలి. గుండిగలు, గరిటెలు, నూనె డబ్బా, ఉప్పూ కారం పొట్లాలు, అగ్గిపెట్టె అన్నీ సర్దుకోవాలి. అగ్గిపెట్టె మర్చిపోయిన కోడలి పేరు ఏడాది పొడుగునా చెప్పుకుంటారు. తోటలో చెట్టుకింద పొయ్యి పెట్టనివ్వరు, సెగకి కొమ్మలు మాడిపోతాయని. అంచేత నీడ పేకాటకి పోతుంది, ఎండ పొయ్యికి వస్తుంది. మొదటి బంతి మగవాళ్ళది. రెండోది పిల్లలది. ఆఖరి బంతికి మనం కూర్చునే సరికి గారెలు అయిపోయి, సాంబారు చల్లారి, పొద్దు వాలి, "ఇంక బయల్దేరదామా, చీకటి పడుతోంది" అంటూ ఉంటారు. వంటింటికి గోడలు తీసేస్తే అదే వనభోజనం.

మరి పళ్ళ కాలంలో ఎందుకు పెట్టుకోరూ అని పెళ్ళైన కొత్తలో మామగారిని అడిగాను. ఆయన నవ్వి, పళ్ళు మనవి కావమ్మా అన్నారు. అప్పుడు అర్థమైంది. ఈ వైపు చాలామంది పూత చూసే తోటని గుత్తకి ఇచ్చేస్తారు. ఆ తర్వాత మందు కొట్టించేదీ, కాపలా పెట్టేదీ, కాయ కోసేదీ గుత్తదారే. ఇంటివాడు తన చెట్టు కాయ తను కోయాలన్నా గుత్తదారుని అడగాలి. తెలివైనవాళ్ళు రెండు మూడు చెట్లు ఇంటికని ముందే విడిగా ఉంచుకుంటారు. ఇక పూత కాలంలో తోటలో కూర్చుందామంటే తేనెమంచు పురుగు ఉంటుంది. అది కారే జిగురు ఆకుల మీంచి విస్తట్లో పడుతుంది. పైగా దానికోసం కొట్టిన మందు వాసన. అందుకే కార్తీకం. పూతా ఉండదు, కాయా ఉండదు, వానలు వెనకబట్టి ఉంటాయి.

ఇప్పుడీ తోటల మధ్య రోడ్డు పక్కన గార్డెన్ రెస్టారెంట్లు వెలిశాయి. కొన్నిటిలో తోట అంటే నాలుగు క్రోటన్ కుండీలూ ప్లాస్టిక్ తీగలూ. కొన్ని మాత్రం నిజంగా చెట్ల కిందే. మామిడిని చెట్టుకీ చెట్టుకీ పదేసి మీటర్లు ఎడంగా వేస్తే ఎకరానికి నలభై చెట్లు పడతాయి. పాత తోటలో ఆ ఎడమంతా కొమ్మలు కలిసిపోయి పందిరి వేసినట్టు ఉంటుంది. దాని కింద బల్లలు వేస్తే మే నెల మధ్యాహ్నం కూడా కూర్చోవచ్చు, గాలి వేడిగా ఉన్నా నెత్తి మాడదు. ఈ వేసవిలో ఓ ఆదివారం మేం వెళ్ళింది అలాంటి చోటుకే. పేరు రాస్తే ప్రకటన అవుతుంది, వద్దులెండి.

హోటల్లో ఆడవాళ్ళు కూర్చుని తినడం మన ఊళ్ళలో ఏమంత పాత సంగతి కాదు. నా చిన్నప్పుడు, తొంభైల్లో, హోటల్ బయట "ఫ్యామిలీలకు ప్రత్యేక గదులు కలవు" అని బోర్డు ఉండేది. లోపలికి వెళితే ఓ మూలగా చెక్కగదీ, దానికి నూనె మరకల తెరా. ఫ్యాను ఉండదు. ఆ తెర వెనక మా అమ్మ గబగబా ఇడ్లీ తినేసి, కొంగుతో మూతి తుడుచుకుని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి బయటికొచ్చేది. చెట్టుకింద, అందరి ఎదుటా, గంటన్నర సేపు కూర్చుని తినడమంటే ఆ తెర తీసేసినట్టే.

మేం ఆరుగురం. మావారు, ఇద్దరు పిల్లలు, హైదరాబాదు నుంచి వచ్చిన మా వదిన, నేను, అత్తయ్యగారు. అత్తయ్యగారికి డెబ్భై ఒకటి. "నేనెందుకమ్మా, ఇంత పచ్చడి వేసుకుని ఇంట్లో తినేస్తాను, మీరెళ్ళి రండి" అన్నారు. వదిన ఊరుకోలేదు. కారెక్కాక కూడా ఆవిడ పొయ్యి కట్టేశానా లేదా అని రెండుసార్లు అడిగారు.

పిల్లలు బిర్యానీ అన్నారు, మావారు నాటుకోడి పులుసూ గారెలూ అన్నారు. అత్తయ్యగారు మెనూ కార్డు దూరంగా పట్టుకుని చదివి, "మామిడికాయ పప్పు నూటెనభయ్యా! కేజీ కందిపప్పు వచ్చి చిల్లర కూడా మిగులుతుంది" అన్నారు. ఈ మాట అనని అత్తగారు ఆంధ్రదేశంలో ఉండరు. నేను చెప్పదల్చుకున్నది ఆ లెక్క గురించే. ఇంట్లో పప్పుకి మనం కట్టేది కందిపప్పు ఖరీదు, మామిడికాయ ఖరీదు, మహా అయితే గ్యాసు ఖరీదు. కాయ తరిగి, పప్పు ఎనిపి, పోపు పెట్టి, అందరికీ వడ్డించి, గిన్నె తోమిన చేతికి ఖరీదు కట్టం. హోటల్ వాడు కడతాడు. అందుకే మనకి అది ఎక్కువగా కనిపిస్తుంది.

ఆ చేతి పని ఎంతో కేంద్ర గణాంక శాఖ వాళ్ళు లెక్కేశారు. 2024లో జరిపిన సమయ వినియోగ సర్వేలో తేలిందేమిటంటే, ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానిమీద రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. 2019లో ఇదే సర్వేలో ఆడవాళ్ళకి 299, మగవాళ్ళకి 97. అయిదేళ్ళలో మనకి పది నిమిషాలు కలిసొచ్చాయని సంతోషించేలోపు, వాళ్ళకీ తొమ్మిది కలిసొచ్చాయి. అదీ సంగతి! మిక్సీ, గ్రైండరు, కుక్కరు ఇన్ని వచ్చినా ఈ తేడా మాత్రం అరగలేదు.

భోజనం వచ్చింది. అత్తయ్యగారు లేచి నిలబడ్డారు. గరిటె తీసుకుని కొడుక్కి వడ్డించబోయారు. వడ్డించే కుర్రాడికి ఇరవై ఏళ్ళుంటాయేమో, పరుగున వచ్చి, "మామ్మగారూ, మీరు కూర్చోండి, నేను పెడతానుగా" అన్నాడు. ఆవిడ కూర్చున్నారు. మళ్ళీ లేచారు, పిల్లవాడికి నెయ్యి పడలేదని. "మీరు వడ్డిస్తే మా మేనేజరు నన్ను తిడతాడండీ" అన్నాడా అబ్బాయి. అంతే, ఇక లేవలేదు. మేం ఎంత చెప్పినా విననిది, వాడికి తిట్లు పడతాయంటే విన్నారు.

వేడన్నంలో పప్పు వేసి, దానిమీద నెయ్యి వేశాడు. ఆవిడ వెంటనే కలపలేదు. కాసేపు చూస్తూ ఉండి, మెల్లిగా, "నెయ్యి అలా కరగడం రోజూ చూస్తాను. నా కంచంలో చూసి చాన్నాళ్ళయింది" అన్నారు. పెళ్ళై యాభై నాలుగేళ్ళు ఆవిడకి. మావారు చేతిలో ఫోన్ పక్కన పెట్టారు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆవిడే, గుత్తివంకాయలో కారం చాలలేదనీ, మజ్జిగ పులుసు మాత్రం పర్వాలేదనీ తేల్చి, మారు పప్పు అడిగి వేయించుకున్నారు.

ఆఖర్న బంగినపల్లి ముక్కలు కోసి, ఫోర్కులు గుచ్చి తెచ్చారు. పేరు నంద్యాల జిల్లా బనగానపల్లెదే అయినా, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా ఆ పేరుతోనే వచ్చినా, మా వైపు తోటల్లోనూ బంగినపల్లిదే పెద్దపీట. పీచు లేదు, ముక్క కోస్తే నిలబడుతుంది, దూరాభారం ఓర్చుకుంటుంది. అత్తయ్యగారు ఒక ముక్క తిని, "చిన్న రసాలు లేవా నాయనా?" అన్నారు. రసం బల్ల దగ్గర తినే పండు కాదు మరి. మెత్తగా పిసికి, ముచిక తీసి, నోటితో జుర్రుకోవాలి. మోచేతి దాకా కారాలి. ఏ హోటల్ వాడూ దాన్ని మెనూలో పెట్టడు, బల్లగుడ్డలు ఉతకలేక.

అయినా నూజివీడు సీమ కదా! ఆ కుర్రాడు లోపలికి వెళ్ళి, నీళ్ళ బకెట్లో వేసి ఉన్న పండ్రెండు రసాలు పట్టుకొచ్చి చెట్టు మొదట్లో పెట్టాడు. సిబ్బంది కోసం తెచ్చుకున్నవట. నీళ్ళలో వేయడం వేడి తగ్గడానికని పెద్దవాళ్ళంటారు. ముచిక దగ్గర అంటుకున్న సొన కూడా కడుక్కుపోతుంది, అది అసలు లాభం. సొన తగిలితే పిల్లల పెదవుల పక్కన, బుగ్గల మీద పొక్కుతుంది. ముచిక తీయగానే మొదటి చుక్కలు పిండి పారబోయమని పిల్లలకి చెప్పండి. మేం ఆరుగురం చెట్టు చుట్టూ నిలబడి వంగి తిన్నాం. మా వదిన పట్టుచీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని మూడు తింది. ఎర్ర చీమలు ఆకులు కుట్టి కట్టుకున్న గూడు మా అబ్బాయి నెత్తిన ఉందని ఎవరో అరిస్తే కాసేపు గందరగోళం.

చేతులు కడుక్కుంటూ అత్తయ్యగారు ఆ కుర్రాణ్ణి అడిగారు, "నువ్వు తిన్నావా నాన్నా?" అని.

"మూడున్నరకి తింటామండీ, జనం తగ్గాక."

"లోపల వండేవాళ్ళో?"

"వాళ్ళు ఇంకా తర్వాత. గిన్నెలు తోమే పిన్నిగారు నాలుగు దాటాక."

ఆవిడ ఇంకేం అడగలేదు. బకెట్లో మిగిలిన రెండు పళ్ళూ తీసి, "ఇవి ఆ అమ్మాయికివ్వు" అన్నారు.

బిల్లు విషయం ఒకటి చెప్పాలి, చాలామందికి సందేహం ఉంటుంది. మామూలు రెస్టారెంట్లలో 2017 నవంబరు నుంచి జీఎస్టీ 5 శాతం. అది కట్టాల్సిందే. సర్వీస్ ఛార్జి అని మరోటి వేస్తే అది పన్ను కాదు, తప్పనిసరీ కాదు. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ దాన్ని బిల్లులో తనంతట తాను కలపకూడదని చెప్పింది. హోటళ్ళవాళ్ళు కోర్టుకి వెళితే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే మాట సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడగొచ్చు, వినకపోతే 1915 నంబరుకి ఫోన్ చేయొచ్చు. మా బిల్లులో అది లేదు. ఆ డబ్బేదో వదిన వడ్డించిన కుర్రాడి చేతిలోనే పెట్టింది.

ఖర్చు తక్కువేం కాలేదు. నెలకోసారి అంటే మాలాంటి వాళ్ళకి కష్టమే. వనభోజనాలు మానేయమనీ నేననను. మగవాళ్ళు రుబ్బి, పిల్లలు వడ్డించి, ఆఖరి బంతివాళ్ళని మొదటి బంతిలో కూర్చోబెడితే ఆ ఉసిరి కొమ్మేం అభ్యంతరం పెట్టదు.

తిరుగు ప్రయాణంలో పిల్లలు నిద్రపోయారు. ఆగిరిపల్లి కొండ కనిపిస్తుండగా మావారు అద్దంలోంచి నా వైపు చూసి, అలవాటుగా, "రాత్రికి ఏం చేస్తున్నావ్?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే వెనక సీట్లోంచి అత్తయ్యగారు, "మజ్జిగన్నం, ఆవకాయ. ఎవరిది వాళ్ళు పెట్టుకుంటారు" అని, చీరచెంగు మొహమ్మీద కప్పుకుని కళ్ళు మూసుకున్నారు.