పాత జీపు వెనుక యాక్సిల్‌లో చప్పుడా? చక్రం ఊడకముందే చూపించండి

ఇంజిన్ మార్చి, పెద్ద టైర్లు వేసిన పాత జీపు చూడటానికి బాగుంటుంది. కానీ గాంధారి నుంచి కామారెడ్డికో, బాన్సువాడకో ఇంటిల్లిపాదీ బయలుదేరినప్పుడు ఆ బరువులో ఎక్కువ భాగం పడేది వెనుక యాక్సిల్ మీదే. అక్కడి చప్పుడును పట్టించుకోకుండా తిరిగితే నడిరోడ్డు మీద చక్రం ఊడిపోయే ప్రమాదం ఉంది.

చక్రం ఎందుకు ఊడుతుంది?

మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను మన దేశంలో బిగించేది. ఆ తరహా పాత జీపుల్లో వెనుక యాక్సిల్ 'సెమీ ఫ్లోటింగ్' రకం. అంటే లోపలి షాఫ్టు చక్రాన్ని తిప్పడమే కాదు, బండి బరువు కూడా మోస్తుంది. పెద్ద లారీల్లో బరువును హౌసింగే మోస్తుంది. అందుకే లారీ షాఫ్టు విరిగితే బండి ఆగిపోతుంది కానీ చక్రం అక్కడే ఉంటుంది. జీపు షాఫ్టు విరిగితే చక్రం డ్రమ్ముతో సహా బయటికి వచ్చేస్తుంది.

పాత షాఫ్టు చివర సన్నబడుతూ ఉంటుంది. దాని మీద హబ్బు, రెండింటి మధ్య చిన్న ఇనుప కీ, బయట పెద్ద నట్టు ఉంటాయి. నట్టు లూజైతే హబ్బు కదులుతుంది, కీ తెగుతుంది. షాఫ్టు కూడా ఆ కీ కూర్చునే గాడి దగ్గరే పగిలే అవకాశం ఎక్కువ.

మార్పులతో వచ్చే భారం

28 అంగుళాల టైరు తీసి 31 అంగుళాలది వేస్తే, అదే బండిని అదే ఎత్తు ఎక్కించడానికి షాఫ్టు మీద దాదాపు 11 శాతం ఎక్కువ బలం పడుతుంది. దానికి పెద్ద ఇంజిన్ తోడైతే భారం ఇంకా పెరుగుతుంది. ఎత్తు కోసం కమాన్ పట్టీలు మారిస్తే పినియన్ కోణం మారి, వణుకు పుట్టి, పినియన్ సీలు లీకవుతుంది. కారణం అలాగే ఉంచి సీలు మాత్రం మారిస్తే మళ్లీ అదే ఖర్చు.

చప్పుడు ఏం చెబుతుంది?

- యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఒకలా మోత వస్తే క్రౌన్, పినియన్ మీద అనుమానం.
- తొక్కినా వదిలినా మారకుండా, వేగంతో పాటే గుర్రుమంటే చక్రం బేరింగ్.
- బండి కదిలేటప్పుడు 'టక్' మంటే జాయింటు క్రాస్, పళ్ల అరుగుదల, లేదా హబ్బు లూజు. హబ్బు లూజైతే బండి నడపొద్దు.
- డ్రమ్ము లోపల నూనె కనిపిస్తే సీలు పోయినట్టు. ముందుగా హౌసింగ్ మీది గాలి రంధ్రం మూసుకుపోయిందేమో చూడాలి. అది మూసుకుంటే లోపలి ఒత్తిడికి కొత్త సీలు నుంచీ నూనె కారుతుంది.

రిపేరులో గమనించాల్సినవి

ముందు చక్రాలకు అడ్డు పెట్టి, బండిని స్టాండ్ల మీద నిలపాలి. జాకీని నమ్ముకుని కిందికి దూరొద్దు. హబ్బును పుల్లర్‌తోనే తీయాలి. సుత్తితో కొడితే ఆ దెబ్బ బేరింగ్‌కు తగులుతుంది. హబ్బు ఒక్కసారిగా ఎగిరి రావచ్చు కాబట్టి, నట్టును పూర్తిగా విప్పకుండా కొన్ని చుట్లు ఉంచాలి.

బిగించేటప్పుడు షాఫ్టు చివర, హబ్బు లోపల శుభ్రంగా, పొడిగా ఉండాలి. అక్కడ గ్రీజు రాయొద్దు. నట్టును టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో చెప్పినంత బిగించాలి. పిన్ను రంధ్రం కలవకపోతే ఇంకొంచెం బిగించాలే తప్ప వెనక్కి తిప్పకూడదు. పిన్ను కొత్తదే వేయాలి. బేరింగ్ ఆటను షిమ్ములతో సరిచేయాలి. క్రౌన్, పినియన్ ఎప్పుడూ జతగానే మార్చాలి. నూనెలో తడిసిన బ్రేకు షూలు మళ్లీ పనికిరావు.

కాగితాల సంగతి

కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నిషేధిస్తోంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే స్పష్టం చేసింది. ఇంజిన్ మార్చాలంటే రవాణా శాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి. ఆర్సీలో లేని మార్పు ఉంటే ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గరా చిక్కులు రావచ్చు.

పని పూర్తయ్యాక తీసేసిన పాత సామాను చూపించమని మెకానిక్‌ను అడగండి. కొన్ని రోజులు ఖాళీ బండితో తిరిగి, నట్టు బిగింపు, నూనె లీకు మరోసారి చూపించుకోండి. ఇంటివాళ్లను ఎక్కించుకునేది ఆ తర్వాతే.