హిజ్రా: ఒక శకమునకు నాంది

కాలమును లెక్కించుటకు జనులు ఏర్పరచుకొన్న శకములు పెక్కు కలవు. కొన్ని రాజుల పట్టాభిషేకములతోను, కొన్ని యుద్ధవిజయములతోను, కొన్ని మహాపురుషుల జననములతోను ఆరంభమగుచున్నవి. మన పంచాంగములలో కనిపించు శాలివాహన శకము క్రీ.శ. 78 నుండి లెక్కింపబడుచున్నది. దానిని ఒక రాజు పేరుతోనే చెప్పుకొనుచున్నాము. ముస్లిముల హిజ్రీ శకము ఇట్టిది కాదు. మహమ్మదు ప్రవక్త జన్మించిన 570 ప్రాంతము నుండి గాని, ఆయనకు తొలి దైవవాణి వినవచ్చిన 610 నుండి గాని, ఆయన విజేతయై మక్కాలో ప్రవేశించిన 630 నుండి గాని అది మొదలు కాలేదు. ఆయన పుట్టిన ఊరు విడిచి వెడలిపోయిన 622వ సంవత్సరముతో మొదలైనది. ఒక సమాజము తన వలసనే తన చరిత్రకు ఆదిగా ఎంచుకొనుటకు కారణమేమి?

ఇది తెలియవలెనన్న ఆనాటి మక్కా స్థితి కొంత తెలియవలెను. అచ్చట రాజు లేడు, న్యాయస్థానము లేదు, రక్షకభటులు లేరు. మనుష్యుని ప్రాణమునకు అతని వంశమే కాపుదల. ఒకనిని చంపినచో అతని వంశీయులు పగ తీర్చుకొందురను భయమే హంతకుని చేతిని ఆపుచుండెను. వంశబలము లేని బానిసలకు, పరదేశీయులకు దిక్కు లేదు. మహమ్మదు ప్రవక్త దేవుడొక్కడేయని, ధనికుడు దరిద్రుని మరువరాదని బోధింప నారంభించినప్పుడు ఖురైషు ప్రముఖుల కోపమునకు మొదట బలియైనది ఇట్టివారే. అబిసీనియా సంతతివాడైన బిలాల్ అను బానిసను మండుటెండలో ఇసుకపై పరుండబెట్టి, రొమ్ముపై బండరాయి నుంచిరి. అబూబకర్ అతనిని కొని విడిపించెను.

ప్రవక్తకు మాత్రము పెదతండ్రి అబూతాలిబ్ అండ యుండెను. అబూతాలిబ్ కొత్త మతమును స్వీకరింపకపోయినను తమ్ముని కుమారుని విడనాడలేదు. 619లో ఆయనయు, ప్రవక్త ధర్మపత్ని ఖదీజాయు మరణించిరి. తరువాత వంశమునకు పెద్దయైన అబూలహబ్ రక్షణ నొసగుటకు నిరాకరించెను. ప్రవక్త తాయిఫ్ నగరమునకు పోగా అచ్చటివారు రాళ్లు రువ్వి వెడలగొట్టిరి. మరలి వచ్చి మక్కాలో అడుగిడుటకు సైతము ముతయిమ్ అను అన్యవంశీయుని అభయము పొందవలసివచ్చెను. స్వగ్రామమున ఆయన పరాయివాడయ్యెను.

మక్కాకు ఉత్తరమున 400 కిలోమీటర్లకు పైబడిన దూరమున యస్రిబ్ అను ఒయాసిస్సు కలదు. ఖర్జూరపు తోటలతో నిండిన ఆ చోట ఔస్, ఖజ్రజ్ అను రెండు అరబ్బు తెగలును, కొన్ని యూదు తెగలును నివసించుచుండెను. అరబ్బు తెగలు తమలో తాము పోరి పోరి అలసియుండెను. ఉభయులకును సమ్మతుడైన మధ్యవర్తి వారికి కావలసియుండెను. 621లో 12 మంది యస్రిబ్‌వారు అఖబా అను కనుమ చెంత ప్రవక్తను కలిసికొని ప్రమాణము చేసిరి. మరుసటి యేట 70 మందికి పైగా వచ్చి, తమ భార్యాబిడ్డలను కాపాడుకొనునట్లే ఆయనను కాపాడుదుమని మాట యిచ్చిరి. వారిలో ఇద్దరు స్త్రీలు కూడ నుండిరి. రక్తసంబంధము లేనివారు ఒకనికి రక్షణ బాధ్యత వహించుట ఇచ్చటి విశేషము.

అంతట ముస్లిములు చిన్న చిన్న గుంపులుగా మక్కా విడిచిరి. ప్రవక్త అబూబకరుతో కూడి కడపట బయలుదేరిరి. తనకడ ఇతరులు దాచుకొన్న సొమ్మును ఎవరిది వారికి అప్పగించుటకై పెదతండ్రియగు అబూతాలిబ్ కుమారుడు అలీని మక్కాలో ఉంచిరి. సౌర్ కొండగుహలో మూడు రాత్రులు దాగి, పెడదారిన సాగిరి. వారికి దారి చూపినవాడు ముస్లిము కాడు. నమ్మకస్థుడైన ఒక మార్గదర్శి మాత్రమే. ఈ వలసనే హిజ్రా యందురు. యస్రిబ్ నాటినుండి ప్రవక్త నగరమైనది. మదీనా యనగా నగరమని అర్థము.

చేరుటతో చిక్కులు తీరలేదు. వలస వచ్చినవారు ముహాజిరులు. వారికి ఇల్లు లేదు, పొలము లేదు, వర్తకులగుటచే సేద్యము తెలియదు. ఆదరించినవారు అన్సారులు, అనగా తోడ్పడువారు. ప్రవక్త ఒక్కొక్క ముహాజిరును ఒక్కొక్క అన్సారుతో సోదరునిగా జతపరచిరి. సాద్ బిన్ రబీ తన సోదరుడైన అబ్దుర్ రహ్మాన్ బిన్ ఔఫ్‌కు ఆస్తిలో సగమిచ్చెదననెను. అతడు దీవించి, అది వలదని, అంగడికి దారి చూపుమని మాత్రము కోరెను. నెయ్యి, ఎండబెట్టిన పెరుగు అమ్ముకొని అనతికాలముననే నిలదొక్కుకొనెను. అన్సారులు తోటలను పంచియిత్తుమనగా ప్రవక్త అంగీకరింపలేదు; ముహాజిరులు తోటలో పనిచేసి ఫలసాయములో పాలు పొందునట్లు ఏర్పాటైనది. ఇచ్చువాని ఔదార్యము, పుచ్చుకొనువాని ఆత్మగౌరవము రెండును నిలిచినవి. మొదట ఈ సోదరులు ఒకరి ఆస్తికి మరియొకరు వారసులైరి; ముహాజిరులు కుదుటపడిన పిమ్మట వారసత్వము రక్తబంధువులకే మరలినది.

ఊరంతటికిని సంబంధించిన ఒడంబడిక కూడ నొకటి వ్రాయబడెను. ఇబ్న్ ఇస్‌హాక్ రచించిన ప్రవక్త చరిత్ర ద్వారా అది మనకు దక్కినది. ముహాజిరులును, యస్రిబ్ విశ్వాసులును ఒకే సమాజమనియు, యూదులు విశ్వాసులతో కలిసియుండి తమ మతమును తామనుసరింపవచ్చుననియు, ఊరిపై దాడి జరిగినచో అందరును కలిసి ఎదుర్కొనవలెననియు, వివాదములను ప్రవక్తకు నివేదింపవలెననియు అందు కలదు. అయితే ఈ సఖ్యము కలకాలము నిలువలేదు. మక్కావారితో యుద్ధములు సాగిన దినములలో ప్రధానమైన మూడు యూదు తెగలతో వైరము ముదిరెను. రెండు తెగలు నగరము విడువవలసివచ్చెను. 627లో మూడవ తెగలోని పురుషులు మరణదండనకు గురియైరని సంప్రదాయ చరిత్రలే చెప్పుచున్నవి. కాగితముపై కుదిరిన ఐకమత్యమును నిలుపుకొనుట ఎంత కష్టమో ఆ చరిత్రయు తెలుపుచున్నది.

ప్రవక్త నిర్యాణము తరువాత, 638 ప్రాంతమున, ఖలీఫా ఉమర్ రాజ్యవ్యవహారములకై ఒక శకమును నిర్ణయింపదలచెను. జననము, దైవవాణి మున్నగు ఘటనలు ఆలోచనకు వచ్చినను చివరకు వలసనే ఎన్నుకొనిరి. నెలల వరుస మాత్రము అరబ్బుల ఆచారము ననుసరించి మొహరముతోనే మొదలగును. మన పల్లెలలో పీర్ల పండుగ జరుగు నెల యిదియే. సంవత్సరమునకు దాదాపు 354 దినములు. మనకువలె అధికమాసము లేదు. కావున వారి పండుగలు ఋతువులన్నిటను తిరుగుచుండును.

630లో మక్కా లొంగిపోయినప్పుడు అన్సారులకు ఒక దిగులు కలిగెను: ప్రవక్త ఇక తన పుట్టిన ఊరిలోనే నిలిచిపోవునేమో యని. ఆయన నిలువలేదు. తనను ఆదరించిన మదీనాకే మరలివచ్చి, 632లో అచ్చటనే కన్నుమూసి, అచ్చటనే సమాధి చెందిరి. పుట్టుకచే కలిగిన బంధముకన్న ఇచ్చిన మాటచే కలిగిన బంధము తక్కువది కాదని ఆ తొలి సమాజము నమ్మెను. ఆ నమ్మకము ఆచరణకు వచ్చిన యేడే దానికి మొదటి సంవత్సరమైనది.